బైఅత్, ఖిర్ఖా, సిల్సిలా: సూఫీ ప్రవేశ సంస్కారాల చారిత్రక అర్థం

హిజ్రీ 9వ శతాబ్దపు చివరి భాగంలో ఈజిప్టులో జీవించిన హదీసువేత్తలలో షమ్సుద్దీన్ సఖావీ (1428–1497) ప్రముఖుడు. ప్రజల నోళ్లలో నానుతున్న హదీసులలో ఏవి ప్రామాణికమో ఏవి కావో తేల్చడానికి ఆయన ‘అల్ మఖాసిదుల్ హసనా’ అనే గ్రంథం రచించాడు. అందులో సూఫీల ఖిర్ఖా విషయం కూడా వస్తుంది. హజ్రత్ అలీ (రజి) హసన్ బస్రీకి ఖిర్ఖా తొడిగారనే కథనానికి ప్రామాణికత లేదని సఖావీ నిర్మొహమాటంగా ప్రకటించాడు. తన గురువు ఇబ్నె హజర్ అస్ఖలానీ (1372–1449) అభిప్రాయాన్ని ఇందుకు సాక్ష్యంగా చూపాడు. ఆ వెంటనే మరో మాట కూడా చేర్చాడు. తాను కూడా కొందరు సూఫీలకు ఖిర్ఖా తొడిగానని, పవిత్ర కాబా ఎదుట సైతం ఆ పని చేశానని, సజ్జనుల స్మరణలోని శుభాన్ని ఆశించి, పెద్దల అడుగుజాడలలో నడిచానని ఆయన భావం.

ఒకే పండితుడు ఒకే చోట ఒక కథనాన్ని కాదని, ఆ కథనంపై ఆధారపడిన ఆచారాన్ని స్వయంగా పాటించానని చెబుతున్నాడు. ఇది పరస్పర విరుద్ధం కాదా? ఆధారం నిలవని సంస్కారానికి అర్థం ఏముంటుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెతకాలంటే సూఫీ మార్గంలో ప్రవేశ సంస్కారం ఎలా పుట్టిందో, ఎలా పెరిగిందో, ఎవరెవరి చేతులలో ఏయే రూపాలు ధరించిందో పరిశీలించవలసి ఉంటుంది.

మూడు పదాల అర్థం

ప్రతి అంతర్జ్ఞాన సంప్రదాయంలోనూ బయటివానిని లోపలివానిగా మార్చే సంస్కారం ఒకటి ఉంటుంది. తెలుగులో దానిని ‘దీక్ష’ అనే పదంతో సూచించడం పరిపాటి. సూఫీ మార్గంలో ఈ సంస్కారానికి మూడు అంగాలు కనిపిస్తాయి. మొదటిది బైఅత్. ఇది ‘అమ్మకం’ అనే అర్థంగల అరబీ ధాతువు నుండి వచ్చింది. బేరం కుదిరినప్పుడు ఇరువురూ చేతిలో చేయి వేసుకునే ఆచారమే ప్రమాణం చేయడానికి గుర్తు అయింది. రెండవది ఖిర్ఖా, అనగా చినిగిన లేక అతుకులు వేసిన వస్త్రం. కాలక్రమాన గురువు శిష్యునికి తొడిగే అంగీకి అదే పేరు స్థిరపడింది. కొన్ని చోట్ల అంగీకి బదులు టోపీ, కొన్ని చోట్ల తలపాగా ఇవ్వబడ్డాయి. మూడవది సిల్సిలా, అనగా గొలుసు. ఈనాటి గురువు నుండి దైవప్రవక్త (స) వరకు వెళ్లే గురుపరంపర పేర్ల వరుస ఇది. ఈ పేర్లు రాసిన పత్రాన్ని ‘షజరా’ (వృక్షం) అంటారు. వీటితోపాటు గురువు శిష్యుని చెవిలో జిక్ర్‌ను ఉపదేశించడాన్ని ‘తల్ఖీన్’ అంటారు.

ఈ మూడూ ఒకేసారి పుట్టినవి కావు. ఒక్కొక్కదాని వయస్సు వేరు, పుట్టిన చోటు వేరు. తరువాతి కాలంలో అవి కలిసిపోయినందువల్లనే వాటి ప్రామాణికతను గురించిన వాదాలలో చాలా గందరగోళం ఏర్పడింది.

ప్రవక్త కాలంలో బైఅత్

బైఅత్‌కు గల మూలం నిస్సందేహమైనది. హిజ్రత్‌కు పూర్వం, 621లో, మదీనా నుండి వచ్చిన 12 మంది మక్కా సమీపంలోని అఖబా వద్ద దైవప్రవక్త (స) చేతిలో ప్రమాణం చేశారు. మరుసటి సంవత్సరం అదే చోట 73 మంది పురుషులు, ఇద్దరు స్త్రీలు ప్రమాణం చేశారు. హిజ్రీ 6వ సంవత్సరంలో (628) హుదైబియా వద్ద ఒక చెట్టు క్రింద సుమారు 1400 మంది సహచరులు చేసిన ప్రమాణం ‘బైఅతె రిజ్వాన్’గా ప్రసిద్ధి చెందింది. దివ్య ఖుర్ఆన్ 48వ సూరా ఈ ప్రమాణాన్ని ప్రస్తావిస్తూ, ప్రవక్తతో చేసిన ప్రమాణం వాస్తవంలో అల్లాహ్‌తో చేసినదేనని స్పష్టం చేసింది.

ఈ ప్రమాణాలు ఒకే విషయానికి సంబంధించినవి కావు. కొన్ని ఇస్లాం స్వీకారానికి, కొన్ని రక్షణ బాధ్యతకు, కొన్ని యుద్ధంలో నిలబడటానికి సంబంధించినవి. 60వ సూరాలో విశ్వాసినులైన స్త్రీల బైఅత్‌లోని అంశాలు పేర్కొనబడ్డాయి: బహుదైవారాధన, దొంగతనం, వ్యభిచారం, సంతానహత్య, అభాండం వేయడం మొదలైన వాటికి దూరంగా ఉండటం. ఇవి నైతిక జీవనానికి సంబంధించిన అంశాలు. స్త్రీల బైఅత్‌ను ప్రవక్త (స) మాట ద్వారానే స్వీకరించేవారని, పరస్త్రీ చేతిని ఆయన చేయి ఎన్నడూ తాకలేదని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. తరువాతి కాలపు షేఖులలో కొందరు స్త్రీల నుండి ప్రమాణం తీసుకునేటప్పుడు మధ్యలో గుడ్డను గాని, నీటి పాత్రను గాని ఉంచడానికి ఈ ఉల్లేఖనమే కారణం.

ప్రవక్త (స) అనంతరం ఖలీఫాల కాలంలో బైఅత్ ప్రధానంగా రాజకీయ విధేయతా ప్రమాణంగా నిలిచింది. అబ్బాసీ ఖలీఫాల కాలం నాటికి ‘బైఅత్’ అనగానే సింహాసనం గుర్తుకు రావడం సహజమైంది. సూఫీలు ఈ పదాన్ని తిరిగి ఆధ్యాత్మిక రంగంలోకి తీసుకొచ్చినప్పుడు పదంతోపాటు దాని రాజకీయ నీడ కూడా వెంటవచ్చింది. దక్కన్ చరిత్రలో ఆ నీడ ఎలా కనిపించిందో ముందు చూడవచ్చు.

సహవాసం నుండి సంస్కారానికి

తొలి తరాల జాహిదులలోను, జునైద్ బగ్దాదీ (మరణం 910) కాలపు సూఫీలలోను లాంఛనప్రాయమైన ప్రవేశ సంస్కారం ప్రముఖంగా కనిపించదు. అప్పటి సంబంధానికి పేరు ‘సుహ్బత్’, అనగా సహవాసం. ఒక జిజ్ఞాసువు ఒక షేఖు వద్ద కొంతకాలం, మరొకరి వద్ద మరికొంత కాలం గడిపి, వినదగినది విని, చూడదగినది చూసి వెళ్లేవాడు. 10, 11 శతాబ్దాలలో, ముఖ్యంగా ఖురాసాన్‌లో, ఈ సంబంధం రూపు మారిందని ఫ్రిట్జ్ మాయర్ వంటి ఆధునిక పరిశోధకులు చూపారు. బోధించే షేఖు స్థానంలో శిక్షణ ఇచ్చే షేఖు ప్రాముఖ్యం వహించాడు. శిష్యుడు తన మనస్సులోని తలంపులను కూడా ఆయన ముందు ఉంచవలసి వచ్చింది. ఇంతటి లోతైన సంబంధానికి ఒక ఆరంభం, ఒక గుర్తు అవసరమయ్యాయి.

లాహోరులో సమాధి గల అలీ హుజ్వీరీ (మరణం సుమారు 1072) తన పారశీక గ్రంథం ‘కష్ఫుల్ మహ్జూబ్’లో అతుకుల అంగీని గురించి ఒక అధ్యాయమే కేటాయించాడు. అందులో ఆయన వివరించిన విధానం గమనించదగినది. శిష్యుడుగా వచ్చినవానిని షేఖులు మూడు సంవత్సరాలు పరీక్షించేవారు. మొదటి సంవత్సరం ప్రజల సేవ. రెండవ సంవత్సరం దైవసేవ. మూడవ సంవత్సరం తన హృదయానికి తానే కావలి ఉండటం. ఈ మూడింటిలో నిలిచినవానికే అంగీ. నిలవనివానికి ఈ మార్గంలో చోటు లేదని చెప్పేవారు.

ఈ క్రమంలో ప్రజల సేవ మొదట రావడం యాదృచ్ఛికం కాదు. తనకంటే ఎవరూ తక్కువ కారని తెలిసినవాడే సేవ చేయగలడు. ఆ వినయం లేనివాని ఆరాధనలో అహంకారం దూరుతుంది. అంగీ ఇక్కడ ఆరంభంలో ఇచ్చే చిహ్నం కాదు, పరీక్ష ముగిసిన పిమ్మట లభించే సాక్ష్యం. అయితే హుజ్వీరీ కాలానికే ఈ చిహ్నం దుర్వినియోగం కావడం మొదలైంది. అంగీ వేసుకుని పేరుప్రతిష్ఠలు సంపాదించేవారిని ఆయన తీవ్రంగా విమర్శించాడు. అంటే ఈ సంస్కారం మీద వచ్చిన తొలి విమర్శలలో ఒకటి సూఫీల నుండే వచ్చింది.

సుహ్రవర్దీ నిజాయితీ

ప్రవేశ సంస్కారానికి శాస్త్రబద్ధమైన వివరణ ఇచ్చినవారిలో బగ్దాద్‌కు చెందిన షిహాబుద్దీన్ ఉమర్ సుహ్రవర్దీ (1145–1234) అగ్రగణ్యుడు. ఆయన పినతండ్రి అబున్నజీబ్ సుహ్రవర్దీ (మరణం 1168) రచించిన ‘ఆదాబుల్ మురీదీన్’ శిష్యుల నియమావళిగా పేరుపొందింది. ఉమర్ సుహ్రవర్దీ రచన ‘అవారిఫుల్ మఆరిఫ్’ హిందూస్థాన్ ఖాన్‌ఖాహ్‌లలో శతాబ్దాలపాటు పాఠ్యగ్రంథంగా నిలిచింది.

ఖిర్ఖా రెండు విధాలని సుహ్రవర్దీ వివరించాడు. ఒకటి ‘ఖిర్ఖయె ఇరాదత్’. తన సంకల్పాన్ని పూర్తిగా గురువుకు అప్పగించి శిక్షణకు సిద్ధపడిన నిజమైన మురీదుకు ఇచ్చేది. రెండవది ‘ఖిర్ఖయె తబర్రుక్’. శుభం కోరి, సజ్జనుల సాంగత్యం ఆశించి వచ్చినవానికి ఇచ్చేది. మొదటి రకం మురీదుపై కఠిన నియమాలు ఉంటాయి. రెండవ రకం వానికి షరీఅత్ హద్దులు పాటించమని, ఈ వర్గంతో కలిసి మెలిసి ఉండమని మాత్రమే చెప్పాలి. క్రమంగా అతడే మొదటి స్థాయికి యోగ్యుడు కావచ్చు. ఈ విభజన వల్ల మార్గం కొద్దిమంది సాధకులకే పరిమితం కాకుండా వ్యాపారులకు, సైనికులకు, గృహస్థులకు కూడా తెరుచుకుంది. సూఫీ మార్గాలు సమాజమంతటా వ్యాపించడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఖిర్ఖాకు ఆధారంగా సుహ్రవర్దీ ఉమ్మె ఖాలిద్ (రజి) హదీసును పేర్కొన్నాడు. చిన్నపిల్లగా ఉన్న ఆమెకు దైవప్రవక్త (స) ఒక నల్లని వస్త్రాన్ని స్వహస్తాలతో తొడిగిన సంఘటన బుఖారీలో ఉంది. అయితే ఆయన అంతటితో ఊరుకోలేదు. తన కాలపు షేఖులు పాటిస్తున్న రూపంలో ఖిర్ఖా ధారణ ప్రవక్త (స) కాలంలో లేదని, ఇది షేఖులు మంచిదని భావించి ఏర్పరచుకున్న పద్ధతి అని స్వయంగా ఒప్పుకున్నాడు. ఒక మహామార్గానికి మూలపురుషుడు తన మార్గపు ప్రధాన చిహ్నం గురించి ఇంత సూటిగా మాట్లాడటం ఆలోచింపజేసే విషయం. ఆయన దృష్టిలో ఖిర్ఖా సహవాసంలోకి అడుగుపెట్టే గడప. గడప ఇల్లు కాదు. అయినా ఇంట్లోకి వెళ్లేవాడు దానిని దాటే వెళ్లాలి.

పాలకుని చేతిలో సంస్కారం

సుహ్రవర్దీ కాలంలోనే ప్రవేశ సంస్కారం రాజ్యతంత్రానికి సాధనమైన ఉదాహరణ ఉంది. ‘ఫుతువ్వత్’ అనేది నగరాలలోని యువకుల, చేతిపనివారల సోదర సంఘం. ఇందులో చేరేవానికి ఉప్పునీటి పాత్ర అందించి త్రాగించేవారు, నడుముకు పట్టీ కట్టేవారు, ప్రత్యేకమైన షరాయి తొడిగేవారు. నడికట్టు సేవకు సిద్ధపడటానికి, షరాయి శీలానికి సంకేతాలుగా చెప్పబడ్డాయి.

అబ్బాసీ ఖలీఫా అన్నాసిర్ (పాలన 1180–1225) 1182లో తానే ఈ సంఘంలో చేరాడు. 1207లో తాను గుర్తించని ఫుతువ్వత్ శాఖలన్నింటినీ రద్దు చేసి, తన్ను తాను దానికి అధిపతిగా ప్రకటించుకున్నాడు. పొరుగు దేశాల పాలకులకు ఫుతువ్వత్ షరాయిలు పంపించాడు. ఈ దౌత్యంలో ఖలీఫా దూతగా పనిచేసినవారిలో సుహ్రవర్దీ కూడా ఉన్నాడు. చెల్లాచెదురైన ముస్లిం రాజ్యాలను ఖలీఫాతో ఒక నైతిక బంధంలో కలపాలన్నది ఈ ప్రయత్నపు ఆశయం. 1258లో మంగోలుల చేతిలో బగ్దాద్ పతనంతో ఆ ఆశయం ముగిసింది. రాజు తొడిగిన వస్త్రం రాజ్యంతోపాటు పోయింది. అదే ఫుతువ్వత్ సాధారణ చేతిపనివారల మధ్య మాత్రం బ్రతికింది. 1330ల తొలి భాగంలో అనటోలియాలో పర్యటించిన ఇబ్నె బతూతా పట్టణం తర్వాత పట్టణంలో ‘అఖీ’ సోదరుల అతిథిశాలలలో ఆదరణ పొందాడు. పగలంతా కష్టపడి సంపాదించినది సాయంకాలం అతిథుల కోసం ఖర్చుచేసే వారి పద్ధతిని మెచ్చుకున్నాడు.

ఇబ్నె బతూతా స్వయంగా ఖిర్ఖాలు పొందినవాడే. 1327లో ఇస్ఫహాన్‌లో సుహ్రవర్దీ పరంపరకు చెందిన షేఖు ద్వారా ఒకటి లభించింది. సింధు తీరాన ఉన్న ఉచ్ఛ్‌లో మరో షేఖు ఇంకొకటి తొడిగాడు. అది సముద్రంలో జరిగిన దోపిడీలో పోయేవరకు తన వద్దనే ఉందని ఆయన రాసుకున్నాడు. దీర్ఘ ప్రయాణీకునికి ఖిర్ఖా ఒక శుభవస్తువు మాత్రమే కాదు, అపరిచిత నగరంలో తలుపులు తెరిపించే పరిచయపత్రం కూడా. ఇది తబర్రుక్ ఖిర్ఖాకు చక్కని దృష్టాంతం.

గోప్యత ప్రశ్న

అంతర్జ్ఞాన సంప్రదాయమనగానే రహస్యం అనే భావన ముందుకు వస్తుంది. ముస్లిం చరిత్రలో ఈ భావన ఎక్కువగా ఇస్మాయీలీల ‘మీసాఖ్’ లేక ‘అహ్ద్’ అనే ప్రమాణం చుట్టూ అల్లుకుంది. ఫాతిమీల కాలంలో (909–1171) ఈ ప్రమాణం చేసినవారికే ‘మజాలిసుల్ హిక్మా’ అనే బోధనా సభలలో ప్రవేశం ఉండేది. విన్నదానిని అనర్హులకు చెప్పకూడదనే షరతు ఆ ప్రమాణంలో భాగం. వారి సాహిత్యంలో ‘కితాబుల్ ఆలిమ్ వల్ గులామ్’ అనే ప్రాచీన సంవాద గ్రంథం ఉంది. అందులో ఒక యువకుడు గురువు చేత శిక్షణ పొంది, కొత్త జన్మ ఎత్తినట్లుగా భావించబడతాడు.

ఈ గోప్యత విరోధులలో అనుమానాలు రేపింది. శిష్యుని మెట్టు మెట్టుగా మతం నుండే తప్పిస్తారని ఆరోపించే రచనలు వెలువడ్డాయి. 1095 ప్రాంతంలో ఇమామ్ గజాలీ ఖలీఫా అల్ ముస్తజ్‌హిర్ కోరికపై బాతినీల ఖండనగా ఒక గ్రంథం రచించాడు. ఇస్మాయీలీ సిద్ధాంతంతో సున్నీ ధర్మవేత్తలకు గల భేదాలు నిజమైనవే. కాని తొమ్మిది మెట్ల రహస్య దీక్ష వంటి కథనాలు ప్రత్యర్థుల కల్పనలని 20వ శతాబ్దంలో వెలుగుచూసిన ఇస్మాయీలీ గ్రంథాల ఆధారంగా ఇవనోవ్, స్టెర్న్, దఫ్తరీ వంటి పరిశోధకులు నిరూపించారు. భేదాభిప్రాయం ఉన్నవారిని గురించి కూడా న్యాయంగానే మాట్లాడాలన్నది ఖుర్ఆన్ ఆదేశం కనుక, ఈ విషయాన్ని చరిత్ర విద్యార్థి విస్మరించరాదు.

సూఫీ బైఅత్‌కు ఈ గోప్యతా నియమం లేదు. అది సాధారణంగా పదిమంది ఎదుట జరుగుతుంది. అందులో పలికే మాటలు తౌబా, షహాదత్, షరీఅత్‌ను పాటిస్తాననే వాగ్దానం. రహస్యమేదైనా ఉంటే అది చెప్పకూడనిది కాదు, చెప్పినా తెలియనిది. తేనె తీపిని గురించి ఎంత విన్నా నాలుకకు తగిలితే తప్ప తెలియదు. సూఫీలు ‘జౌఖ్’ (రుచి) అనే పదాన్ని వాడటంలోని ఆంతర్యం ఇదే.

గొలుసు మీద విచారణ

చాలా సిల్సిలాలు హసన్ బస్రీ ద్వారా హజ్రత్ అలీ (రజి)కి, వారి ద్వారా దైవప్రవక్త (స)కు చేరుతాయి. హసన్ బస్రీ 642లో మదీనాలో జన్మించి 728లో బస్రాలో మరణించాడు. హజ్రత్ అలీ (రజి) 656లో మదీనా విడిచి ఇరాఖ్ వెళ్లారు. అప్పటికి హసన్‌కు సుమారు 14 సంవత్సరాలు. ఆయన హజ్రత్ అలీ నుండి హదీసు విన్నట్లు రుజువు లేదని అనేకమంది హదీసువేత్తలు భావించారు. ఇబ్నె సలాహ్ (1181–1245) ఖిర్ఖా కథనాన్ని నిరాకరించాడు. ఇబ్నె తైమియా (1263–1328) కూడా విమర్శించాడు. ఇబ్నె ఖల్దూన్ (1332–1406) తన ‘ముఖద్దిమా’లో, సహాబాలలో హజ్రత్ అలీ ఒక్కరికే ప్రత్యేక మార్గాన్ని అంటగట్టడం షియా భావనల ప్రభావమని అభిప్రాయపడ్డాడు.

మరోవైపు జలాలుద్దీన్ సుయూతీ (1445–1505) ఈ గొలుసును సమర్థిస్తూ ప్రత్యేకంగా ఒక రచన చేశాడు. హసన్ తల్లి విశ్వాసుల మాత ఉమ్మె సలమా (రజి) ఇంటి పరిచారిక. హసన్ బాల్యమంతా మదీనాలో గడిచింది. హజ్రత్ అలీ రోజూ మస్జిదుకు వచ్చేవారు. అలాంటప్పుడు ఇద్దరూ కలుసుకోలేదనడం ఎలా సబబు అని ఆయన వాదం. కలుసుకుని ఉండవచ్చుననడానికి ఈ వాదం చాలినదే. ఖిర్ఖా తొడిగారనడానికి మాత్రం చాలదు. ఈ రెండు విషయాలను విడదీసి చూడకపోవడం వల్లనే వాదం సాగుతూ వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇబ్నె తైమియాను ఖిర్ఖాకు బద్ధశత్రువుగా చిత్రించడం వాడుక. కాని 1973లో జార్జి మక్దిసీ ఒక వ్యాసం ప్రచురిస్తూ, ఇబ్నె తైమియా స్వయంగా ఖాదిరీ ఖిర్ఖా పొందినట్లు హంబలీ మూలాలలో ఉందని చూపారు. ఈ నిర్ణయాన్ని అందరూ అంగీకరించలేదు. అయినా ఆయన ఖాదిరీ మార్గానికి మూలపురుషుడైన అబ్దుల్ ఖాదిర్ జీలానీ (రహ్మ) రచన ‘ఫుతూహుల్ గైబ్’లోని కొంత భాగానికి గౌరవంతో వ్యాఖ్య రాశాడన్నది నిర్వివాదం. అట్లే ఇబ్నె అరబీ (1165–1240) మొదట ఖిర్ఖా ఆచారానికి విలువ ఇవ్వలేదు. హిజ్రీ 601లో మోసుల్‌లో ఖిర్ఖా పొందిన పిమ్మట అభిప్రాయం మార్చుకున్నాడు. ఖిర్ఖాకు విరోధులు ఒక గట్టున, అనుకూలురు మరో గట్టున నిలిచి ఉన్నారనే చిత్రం చరిత్రకు సరిపడదు.

ఇప్పుడు సఖావీ వైఖరి బోధపడుతుంది. మద్రసాలలో హదీసు చదివినవారికి ‘ముసల్‌సల్’ హదీసుల సంగతి తెలిసినదే. గురువు శిష్యునికి మొట్టమొదట కరుణను గురించిన హదీసు వినిపించడం, కొన్ని ఉల్లేఖనాలలో గురువు చేయి పట్టుకుని చెప్పడం తరతరాలుగా సాగిన పద్ధతి. ఆ పద్ధతిలోని ప్రతి అంగం పరంపర చివరివరకు రుజువు కాకపోవచ్చునని హదీసువేత్తలే అంటారు. అయినా దానిని విడిచిపెట్టలేదు. చదువు పూర్తయిన విద్యార్థికి జరిగే దస్తార్‌బందీ కూడా ఇటువంటిదే. తలపాగా వల్ల విద్య రాదు. ఈ విద్య పుస్తకం నుండి మాత్రమే రాలేదని, మనిషి నుండి మనిషికి అందిందని, అందుకున్నవాడు దానికి జవాబుదారీ అని తలపాగా చెబుతుంది.

హదీసు సనదు ఒక వాక్యం నిజమా కాదా అనేదానిని నిర్ణయిస్తుంది. దానికి హదీసు శాస్త్ర నియమాలే వర్తించాలి. అక్కడ భక్తికి తావులేదు. ఖిర్ఖా సనదు ఒక సహవాస పరంపరను గుర్తుచేస్తుంది. అది ధర్మశాసనాన్ని రుజువు చేయదు, చేయనక్కరలేదు. సఖావీ మొదటి దానిలో కఠినంగా ఉండి, రెండవ దానిలో వినయంగా ఉన్నాడు. ఇందులో వైరుధ్యం లేదు.

దక్కన్‌కు వచ్చిన ఖిర్ఖా

హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా (మరణం 1325) సంభాషణలను అమీర్ హసన్ సిజ్జీ ‘ఫవాయిదుల్ ఫుఆద్’ పేరుతో సంకలనం చేశాడు. అందులో ఒక ముచ్చట ఉంది. బాబా ఫరీద్ కుమారులలో ఒకరు ఢిల్లీలో ఖ్వాజా ఖుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ సమాధి వద్ద తల గొరిగించుకుని మురీదు అయ్యానని భావించాడు. బాబా ఫరీద్ దీనిని ఒప్పుకోలేదు. ఖ్వాజా తమకు గురువే అయినా, జీవించి ఉన్న షేఖు చేయి పట్టుకున్నదే బైఅత్ అని తేల్చిచెప్పారు. సమాధిని గౌరవించవచ్చు, అది శిష్యుని తప్పులు దిద్దలేదు. శిక్షణ ఇచ్చే మనిషి లేనిచోట సంస్కారం ఖాళీ అవుతుందన్నది ఇందులోని సారాంశం.

నిజాముద్దీన్ ఔలియా మురీదులను విరివిగా చేర్చుకున్నారు. గొప్పవారు, సామాన్యులు, పట్టణవాసులు, పల్లెవారు అందరికీ వారు తౌబా చేయించి ఆశ్రయం ఇచ్చేవారని, షేఖు మురీదులమన్న సిగ్గుతో అనేకులు పాపకార్యాలకు దూరమయ్యారని చరిత్రకారుడు జియావుద్దీన్ బర్నీ రాశాడు. సంస్కారం సమాజంలో ఏమి చేయగలదో చెప్పే సమకాలికుని సాక్ష్యమిది.

వారి ఉత్తరాధికారి నసీరుద్దీన్ చిరాగ్ దెహ్లవీ (మరణం 1356) గురువుల నుండి సంక్రమించిన ఖిర్ఖా, చేతికర్ర, తస్బీహ్ మొదలైన వాటిని ఎవరికీ ఇవ్వక, తనతోపాటు సమాధి చేయించమన్నారు. అర్హుడు కనిపించనప్పుడు చిహ్నాన్ని అనర్హునికి అందించడం కంటే మట్టిలో పెట్టడమే మేలని వారు తలచారన్నమాట. అయినా పరంపర ఆగలేదు. వారి శిష్యుడు హజ్రత్ బందానవాజ్ గేసూదరాజ్ (1321–1422) సుమారు 1400 ప్రాంతంలో గుల్బర్గా చేరి, దక్కన్‌లో చిష్తీ మార్గాన్ని సుస్థిరం చేశారు. ‘ఆదాబుల్ మురీదీన్’కు అనుబంధంగా ‘ఖాతిమా’ రచించారు. వస్తువులు సమాధిలో ఉండిపోయినా, బగ్దాద్‌లో రాయబడిన శిష్యధర్మాలు గుల్బర్గా చేరాయి.

బైఅత్ అనే పదంలోని రెండు అర్థాలు దక్కన్‌లోనే ఒకసారి ఢీకొన్నాయి. బహమనీ సుల్తాన్ మొదటి ముహమ్మద్ షా (పాలన 1358–1375) షేఖులందరూ తనకు బైఅత్ చేయాలని కోరాడని, ఖుల్దాబాద్‌కు చెందిన షేఖ్ జైనుద్దీన్ షీరాజీ (మరణం 1369) మద్యం సేవించే పాలకునికి బైఅత్ చేయనని నిరాకరించారని ఫిరిష్తా రాశాడు. దేశం విడిచి పొమ్మనగా, ఆయన తన గురువు బుర్హానుద్దీన్ గరీబ్ సమాధి వద్దకు వెళ్లి కర్ర పాతి కూర్చున్నారట. చివరకు సుల్తానే దిగివచ్చి మద్యం దుకాణాలు మూయించాడని కథనం. ఫిరిష్తా ఈ సంఘటనకు రెండు శతాబ్దాల తర్వాతివాడు కనుక వివరాలన్నీ యథాతథం కాకపోవచ్చు. కాని ఒకసారి అల్లాహ్ కోసం పట్టిన చేయి మరొకచోట బేరానికి రాదన్న విలువను దక్కన్ ప్రజలు ఈ కథలో దాచుకున్నారు.

తెలుగునేల మీద కూడా ఈ పరంపర శాఖలు విస్తరించాయి. హైదరాబాదు నాంపల్లిలోని దర్గాలో విశ్రమిస్తున్న హజ్రత్ యూసుఫ్ సాహెబ్, షరీఫ్ సాహెబ్ ఢిల్లీకి చెందిన షా కలీముల్లా జహానాబాదీ (మరణం 1729) మురీదులని, 1687 గోల్కొండ ముట్టడి కాలంలో ఔరంగజేబు సైన్యంతో వచ్చారని ప్రతీతి. సైనిక ఉద్యోగంలో ఉంటూనే మార్గాన్ని పాటించినవారుగా వారిని స్మరిస్తారు.

దక్కన్ చరిత్రలో మరో పార్శ్వం కూడా ఉంది. రిచర్డ్ ఈటన్ 1978లో ప్రచురించిన బీజాపూర్ సూఫీల చరిత్రలో, 17వ శతాబ్దంలో పలు సూఫీ కుటుంబాలు ఇనాం భూములు పొంది భూస్వాములుగా మారిన తీరును వివరించారు. సజ్జాదా తండ్రి నుండి కొడుకుకు ఆస్తివలె సంక్రమించింది. హుజ్వీరీ చెప్పిన మూడేళ్ల పరీక్ష స్థానంలో పుట్టుక వచ్చి కూర్చుంది. సమాధుల వద్ద కుటుంబ పెద్దకు తలపాగా చుట్టడం మిగిలింది, ప్రజాసేవ అనే మొదటి సంవత్సరం మరుగున పడింది. అందరి విషయంలో ఇలా జరగలేదన్నది నిజం. జరిగినచోట ఎందుకు జరిగిందో తెలుసుకోవడం అవసరం.

షా వలీయుల్లా వివరణ

ఈ పరిస్థితులలో షా వలీయుల్లా దెహ్లవీ (1703–1762) తన అరబీ రచన ‘అల్ ఖౌలుల్ జమీల్’లో బైఅత్‌ను మళ్లీ మూలాలతో ముడిపెట్టారు. బైఅత్ సున్నత్ అని, వాజిబ్ కాదని చెప్పారు. బైఅత్ చేయనివాడు పాపి కాడు. బైఅత్ స్వీకరించే షేఖుకు ఉండవలసిన అర్హతలను కూడా పేర్కొన్నారు: ఖుర్ఆన్, సున్నత్‌ల జ్ఞానం, దైవభీతి, ఐహిక వ్యామోహం లేకపోవడం, మంచిని ఆదేశించి చెడును వారించడం, తాను స్వయంగా పెద్దల సహవాసంలో చాలాకాలం గడిపి ఉండటం. ఈ జాబితాలో వంశం లేదు, మహిమలూ లేవు.

వారు బైఅత్‌ను కూడా తరగతులుగా విభజించారు: పాపాల నుండి తౌబా చేయడానికి బైఅత్, సజ్జనుల పరంపరలో చేరే శుభం కోసం బైఅత్, దైవాజ్ఞాపాలనలో దృఢసంకల్పం కోసం బైఅత్. ఐదు శతాబ్దాల క్రితం సుహ్రవర్దీ చేసిన విభజన ఇందులో ప్రతిధ్వనిస్తుంది.

ఉపసంహారం

టర్కీలో 1925 నవంబరు 30న చేసిన 677వ నంబరు చట్టం ద్వారా తెక్కెలన్నీ మూసివేయబడ్డాయి. షేఖు, దర్వేషు, మురీదు అనే బిరుదులు కూడా నిషేధించబడ్డాయి. మౌలవీ తెక్కెలలో కొత్తవాడు వంటశాలలో 1001 రోజులు సేవ చేసి ప్రవేశం పొందే ఆచారం దానితో అంతరించింది. శాసనం ద్వారా సంస్కారాన్ని ఆపవచ్చునని ఇది చూపుతుంది. శాసనం లేకపోయినా, లోపలి అర్థం ఇంకిపోతే సంస్కారం నిలబడి ఉండి కూడా అంతరించగలదని దక్కన్ అనుభవం చూపుతుంది.

పై పరిశీలన వల్ల కొన్ని విషయాలు తేటపడుతున్నాయి. బైఅత్‌కు మూలం ప్రవక్త (స) కాలంలో ఉంది. ఖిర్ఖా రూపం తరువాతి షేఖుల ఏర్పాటు. దీనిని ఆ షేఖులే దాచలేదు. సిల్సిలాలోని కొన్ని లంకెలు హదీసు ప్రమాణాలకు నిలవవు. ఈ మాట అన్నవారిలో ఖిర్ఖా ధరించినవారూ ఉన్నారు. కనుక సత్యశోధన చేసే విద్యార్థి ఆచారాన్ని ప్రేమించినందుకు కథనాన్ని కప్పిపుచ్చనక్కరలేదు. కథనం బలహీనమని తెలిసినందుకు ఆచారాన్ని పాటించే తోటి ముస్లిమును మార్గభ్రష్టుడనీ అననక్కరలేదు. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. చేయి పట్టిన గురువు శిష్యుని తప్పు దిద్దుతున్నాడా? చేయి ఇచ్చిన శిష్యుడు ఆ రోజు తరువాత అబద్ధమాడటం మానాడా, పొరుగువాని హక్కు తీర్చాడా, నమాజులో నిలిచాడా?

హుజ్వీరీ కాలపు షేఖులు మొదటి సంవత్సరాన్ని ప్రజాసేవకు కేటాయించారు. అంగీ ఆ తరువాతి మాట. ఆ వరుసక్రమం నిలిచిన ప్రతిచోటా ఈ సంస్కారానికి అర్థం నిలిచింది. అది తలక్రిందులైన ప్రతిచోటా వస్త్రం మాత్రమే మిగిలింది.